ఒక్క కణం మందం

మింగిన ముద్ద పేగులోకి దిగినంత మాత్రాన ఒంట్లోకి చేరినట్టు కాదు. నోటి నుంచి మలద్వారం దాకా సాగే ఆ గొట్టం లోపలి ఖాళీ, శరీరశాస్త్రం లెక్కలో, ఇంకా బయటి ప్రపంచమే. అక్కడ లక్షల కోట్ల బాక్టీరియా కాపురం ఉంటుంది. ఇవతల వాటిలో ఒక్కదాన్ని కూడా ఓర్చుకోని నెత్తురు పారుతుంది. ఆ రెంటినీ వేరుచేస్తున్నది ఒకే ఒక్క వరస కణాలు. దాని మందం మిల్లీమీటరులో సుమారు నలభయ్యో వంతు.

ఈ గోడ విస్తీర్ణం టెన్నిస్ కోర్టంత ఉంటుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. 2014లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు మళ్లీ జాగ్రత్తగా కొలిచి, జీర్ణనాళం మొత్తం కలిపి సుమారు 32 చదరపు మీటర్లని, అందులో పెద్దపేగు వాటా 2 చదరపు మీటర్లేనని తేల్చారు. కొలత తగ్గింది కానీ ఆ గోడ మోస్తున్న పని తగ్గలేదు. అన్నంలోంచి వచ్చిన చక్కెరను, పప్పులోంచి వచ్చిన అమైనో ఆమ్లాలను, నీటిని, ఉప్పును లోపలికి రానివ్వాలి. బాక్టీరియాను, వాటి శకలాలను, అవి వదిలే విషాలను ఆపాలి. ఈ రెండు పనులూ ఒకే సమయంలో, ఒకే చోట, పగలూ రాత్రీ జరగాలి.

మధుమేహం ఉన్నవారికి కిడ్నీలు ఎందుకు దెబ్బతింటాయని అడిగితే నెత్తుట్లో చక్కెర, రక్తపోటు, కిడ్నీలోని సన్నని రక్తనాళాలు అని చెబుతాం. అది నిజమే. గత పదిహేను ఇరవై ఏళ్లలో ఆ జవాబులోకి పేగు గోడ కూడా వచ్చి చేరింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది అని అంచనా వేసింది. అంతమందికి సంబంధించిన ఈ గోడను, అది ఏ పనితనంతో కట్టి ఉందో, ఎక్కడ వదులవుతుందో, దాన్ని చదివిన శాస్త్రవేత్తలు ఎంత నేర్పుతో చదివారో దగ్గరగా చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

అతుకు

కణాలను వరసగా పేర్చడం పెద్ద పని కాదు. పక్కపక్కనున్న రెండు కణాల మధ్య మిగిలిపోయే సందును ఏం చేయాలన్నదే అసలు చిక్కు. ఆ సందు తెరిచి ఉంటే గోడ ఉన్నా లేనట్టే.

ఆ సందు ఎలా మూసి ఉందో మొదట స్పష్టంగా చూపినవారు మెరిలిన్ ఫార్కర్, జార్జ్ పలాడి. 1963లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ నుంచి వాళ్లు ప్రచురించిన పత్రం ఈ రంగానికి పునాది. ఆ పని గొప్పదనం దాని ఓపికలో ఉంది. ఒక్క అవయవాన్ని చూసి ఊరుకోలేదు. ఎలుకల నుంచి, గినీ పందుల నుంచి పేగు, జీర్ణాశయం, పిత్తాశయం, కిడ్నీ, ఇంకా అనేక అవయవాల కణజాలాన్ని అతి పలచగా కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. ప్రతిచోటా అతుకులు ఒకే వరసలో కనిపించాయి. గొట్టం ఖాళీకి అన్నిటికంటే దగ్గరగా, రెండు కణాల పొరలు కలిసిపోయినట్టు కనిపించే బిగుతైన అతుకు. దాని కింద కణాలను పట్టి ఉంచే నడికట్టు లాంటి రెండోది. ఇంకా కింద, అక్కడక్కడ గట్టిగా బిగించిన మూడోది. గాఢమైన ప్రోటీన్ ద్రవం మొదటి అతుకు దగ్గరే ఆగిపోతోందని కూడా వాళ్లు గమనించారు. అంటే గోడను నిజంగా గోడ చేస్తున్నది ఆ పై అతుకే.

అది దేనితో తయారైందో తెలియడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. జపాన్‌లో షోఇచిరో త్సుకిత, మికియో ఫురుసె బృందం 1993లో కోడిపిల్లల కాలేయం నుంచి అతుకుల భాగాన్ని వేరుచేసి, అందులో ఆక్లూడిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంది. వెతుకుతున్నది దొరికిందని లోకం అనుకుంది. ఆ బృందం మాత్రం తన ఫలితాన్ని తానే పరీక్షకు పెట్టింది. ఆక్లూడిన్ జన్యువును తీసేసిన కణాలను పెంచి చూస్తే, వాటి మధ్య అతుకులు యథాతథంగా ఏర్పడ్డాయి. అసలు పనిమంతుడు ఇంకెవరో ఉన్నారన్నమాట. మళ్లీ ఆ కాలేయపు భాగం దగ్గరికే వెళ్లి, ఈసారి క్లాడిన్-1, క్లాడిన్-2 అనే చిన్న ప్రోటీన్లను బయటికి తీశారు. వీటిని, పుట్టుకతో ఇలాంటి అతుకులే లేని ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో పెట్టారు. ఒక్క క్లాడిన్ చేరడంతో ఆ కణాల మధ్య అతుకు పోగులు అల్లుకున్నాయి. 1998లో వచ్చిన ఆ ఫలితాలను చదివితే ఒక నిరూపణ ఎలా ఉండాలో తెలుస్తుంది. తీసేస్తే ఏమవుతుందో చూశారు, లేనిచోట పెడితే ఏమవుతుందో చూశారు.

క్లాడిన్లు రెండు డజన్లకు పైగా ఉన్నాయి. ఈ కుటుంబంలో అన్నీ ఒకే పని చేయవు. కొన్ని సందును పూర్తిగా బిగిస్తాయి. క్లాడిన్-2 మాత్రం సోడియం లాంటి అయాన్లకు, నీటికి సన్నటి దారి వదులుతుంది. ఏ క్లాడిన్‌ను ఎక్కడ ఎంత పెట్టాలో మార్చుకుంటూ పేగు తన గోడ బిగువును చోటుకు తగ్గట్టు సవరించుకుంటుంది. చిన్నపేగులో కొంచెం వదులు, పెద్దపేగు చివర గట్టి బిగువు. ఈ అతుకులకు లోపలివైపు జెడ్‌ఓ-1 అనే ప్రోటీన్ ఉంటుంది. 1986లో దాన్ని గుర్తించారు. అతుకును అది కణంలోని ఆక్టిన్ పోగుల పట్టీకి కడుతుంది. ఆ పట్టీ ముడుచుకుంటే అతుకు సడలుతుంది, పట్టీ వదులైతే అతుకు బిగుస్తుంది. గోడ తనంతట తాను ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతూ ఉంటుంది.

జిగురు, మేత, మార్పిడి

అతుకు ఎంత గట్టిదైనా బాక్టీరియా దాని మీదే పడి పొర్లుతూ ఉంటే నిలవలేదు. అందుకే పెద్దపేగులో ముందు జిగురు పొర ఉంటుంది. గాబ్లెట్ కణాలు మ్యూసిన్-2 అనే పొడవాటి ప్రోటీన్‌ను వదులుతాయి. అది నీరు పీల్చి ఉబ్బి పరుచుకుంటుంది. 2008లో గోథెన్‌బర్గ్‌లోని గున్నర్ హాన్సన్, మాలిన్ యోహాన్సన్ బృందం ఎలుక పెద్దపేగులో ఈ జిగురు రెండు పొరలుగా ఉంటుందని చూపింది. బయటి పొర వదులు, అక్కడ బాక్టీరియా ఉంటుంది. కణాలకు అంటుకున్న లోపలి పొర గట్టి, అక్కడ బాక్టీరియా దాదాపు ఉండదు. ఈ సంగతి అంతకాలం కంటపడకపోవడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. ప్రయోగశాలల్లో కణజాలాన్ని నిలవ పెట్టడానికి మామూలుగా వాడే ఫార్మలిన్ నీటితో కలిసినది, ఆ నీళ్లలో జిగురు కుదించుకుపోయి మాయమవుతుంది. నీరు లేని కార్నాయ్ ద్రావణం వాడితే పొర ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. ఏ ద్రావణంలో ముంచాలన్న ఒక్క ఎంపిక మీద ఒక శరీర నిర్మాణం కనబడడమా కనబడకపోవడమా అన్నది ఆధారపడింది.

గోడ కట్టిన కణాలు ఏం తిని బతుకుతాయి? ఒంట్లోని చాలా కణాలకు చక్కెరే ప్రధాన ఇంధనం. పెద్దపేగు కణాల సంగతి వేరు. 1980లో రోడిగర్ అనే శస్త్రవైద్యుడు ప్రచురించిన ప్రయోగాల్లో ఈ కణాలు వాడుకునే ఆక్సిజన్‌లో 70 శాతానికి పైగా బ్యుటిరేట్‌ను మండించడానికే పోతోందని తేలింది. ఆ బ్యుటిరేట్‌ను మనం తినము. మనకు అరగని పీచును బాక్టీరియా పులియబెడితే వస్తుంది. జొన్నలోని, రాగిలోని, కందిపప్పు పొట్టులోని పీచు చిన్నపేగును దాటి పెద్దపేగు చేరి, అక్కడి జీవులకు మేతయి, ఆ జీవులను అడ్డుకునే గోడకే తిండిగా మారుతుంది. శత్రువు నుంచే కాపలా మనిషికి కూలి ఇప్పించే ఏర్పాటు ఇది. దీన్ని మించిన పొదుపైన కట్టడం నేను చూడలేదు.

ఇంకొకటి. ఈ కణాలు నాలుగైదు రోజులకు మించి బతకవు. పేగు గోడ గుంటల అడుగున ఉన్న మూలకణాలు నిరంతరం విభజన చెందుతూ కొత్త కణాలను పైకి తోస్తాయి. పైన ముసలి కణం రాలిపోతుంది. రాలేటప్పుడు పక్కనున్న కణాలు ముందే దగ్గరికి జరిగి సందు ఏర్పడకుండా కలుస్తాయి. మనం పడుకుని లేచేలోపు గోడలో కొంత భాగం మారిపోయి ఉంటుంది, ఒక్క క్షణం కూడా తెరుచుకోకుండా.

కిడ్నీలో అదే పనితనం

ఇప్పుడు కిడ్నీ దగ్గరికి వద్దాం. ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లు అనే వడపోత గొట్టాలు సుమారు పది లక్షలుంటాయి. వాటి తలదగ్గర ఉన్న సన్నని రక్తనాళాల గుచ్ఛాలు రెండు కిడ్నీల్లో కలిపి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో లీటరున్నర మాత్రమే మూత్రంగా బయటికి వెళ్తుంది, మిగతాది తిరిగి నెత్తుట్లో కలుస్తుంది. 180 లీటర్లూ దాటిపోతాయి గానీ నెత్తుట్లోని అల్బుమిన్ అనే ప్రోటీన్ దాదాపుగా దాటదు. ఈ పని చేసే అడ్డు మూడు పొరలది. రక్తనాళపు లోపలి కణాల పొర, దాని కింద మూలత్వచం, దానికి బయటివైపు పోడోసైట్లు అనే కణాలు. పోడోసైటు తన పాదాలను చాచి, పక్క పోడోసైటు పాదాల మధ్య ఒకదాని సందులో ఒకటి దూర్చి నాళాన్ని చుట్టేస్తుంది. ఆ పాదాల మధ్య సందులో ఒక పలచని పొర.

ఈ పొరల దగ్గర మళ్లీ ఫార్కర్ ఎదురవుతారు. 1961లో ఆమె, విస్సిగ్, పలాడి కలిసి ఇనుము నిండిన ఫెరిటిన్ అనే ప్రోటీన్‌ను ఎలుకల నెత్తుట్లోకి పంపి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఆ ఇనుప రేణువులు వడపోతలో ఎక్కడ ఆగుతున్నాయో చూశారు. 1974లో రోడెవాల్డ్, కార్నోవ్‌స్కీ పాదాల మధ్యనున్న సన్నపొరను దగ్గరగా చూసి, రెండువైపుల నుంచి వచ్చిన అడ్డుకమ్మీలు మధ్యలో కలిసే జిప్పు లాంటి నిర్మాణమని వర్ణించారు. 1998లో కార్ల్ ట్రుగ్‌వాసన్ బృందం, పుట్టుకతోనే మూత్రంలో విపరీతంగా ప్రోటీన్ పోయే అరుదైన జబ్బుతో బాధపడే ఫిన్లాండు కుటుంబాల జన్యువులను వెతికి, ఆ సన్నపొరలోని ముఖ్యమైన ప్రోటీన్ నెఫ్రిన్‌ను కనిపెట్టింది.

వీటి మధ్యలో, 1990లో, ఫార్కర్ మరో ఇద్దరితో కలిసి చేసిన పని నాకు ఈ మొత్తం కథకు కీలకం అనిపిస్తుంది. పేగు గోడ అతుకును లోపలివైపు కట్టి ఉంచే జెడ్‌ఓ-1 ఉందే, అదే కిడ్నీ వడపోత సందుల వెంట వరసగా పేరుకుని ఉందని ఆమె బృందం చూపింది. కిడ్నీలోని ఆ సన్నపొర, బిగుతు అతుకు మారిన రూపమన్న ఆలోచన బలపడింది. ఇక కిడ్నీ గొట్టాల్లో క్లాడిన్ కుటుంబం పనిచేస్తూనే ఉంది. క్లాడిన్-16 జన్యువులో లోపం ఉంటే మూత్రంలో మెగ్నీషియం వృథాగా పోయే జబ్బు వస్తుందని 1999లో కనుగొన్నారు. ఒకే శాస్త్రవేత్త యౌవనంలో పేగు అతుకును, కిడ్నీ వడపోతను విడివిడిగా చదివి, దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత ఆ రెంటినీ ఒకే ప్రోటీన్ దగ్గర కలిపారు. విజ్ఞానంలో ఇంత నిండైన జీవితకాలపు పని అరుదు.

కానీ ఒక తేడా ఉంది. పేగు కణం నాలుగైదు రోజుల్లో రాలిపోయి కొత్తది వస్తుంది. పోడోసైటు అలా కాదు. పెద్దయ్యాక అది విభజన చెందదు. మనతో పాటే యాభై, అరవై, డెబ్భై ఏళ్లు బతకాలి. పోయినవాటి చోట పక్క పోడోసైట్లు ఉబ్బి కప్పడానికి ప్రయత్నిస్తాయి, చాలనిచోట నాళం బట్టబయలై మచ్చ కడుతుంది. ఒకే పనితనంతో కట్టిన రెండు అడ్డుల్లో ఒకదానికి బాగుపడే అవకాశం వారానికోసారి వస్తుంది, రెండోదానికి దాదాపు రాదు. మధుమేహం రెంటినీ ఒకేసారి తాకుతుంది.

షుగరు ఏం చేస్తుంది

2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ నుంచి క్రిస్టోఫ్ థైస్, ఎరన్ ఎలినావ్ బృందం వెలువరించిన అధ్యయనం పద్ధతిగా సాగిన విచారణకు మంచి ఉదాహరణ. స్థూలకాయం ఉన్న ఎలుకల్లో పేగు గోడ వదులవుతుందని అప్పటికే తెలుసు. దానికి కారణం కొవ్వా, బరువా, లెప్టిన్ అనే హార్మోనా, చక్కెరా? వాళ్లు ఒక్కొక్కటీ విడదీశారు. బరువు పెరిగినా చక్కెర పెరగని ఎలుకల్లో గోడ బాగానే ఉంది. బరువు పెరగకుండా, క్లోమంలోని ఇన్సులిన్ కణాలను దెబ్బతీసి చక్కెరను మాత్రం పెంచిన ఎలుకల్లో గోడ వదులైంది. చక్కెరను తగ్గిస్తే తిరిగి బిగిసింది. పేగు కణాల్లోకి చక్కెరను తీసుకెళ్లే గ్లూట్-2 అనే ద్వారాన్ని తొలగిస్తే, నెత్తుట్లో చక్కెర ఎక్కువున్నా గోడ నిలిచింది. మనుషుల్లోనూ, మూడు నెలల సగటు షుగరు ఎంత ఎక్కువుంటే నెత్తుట్లో బాక్టీరియా తాలూకు పదార్థాలు అంత ఎక్కువ కనిపించాయి.

బాక్టీరియా శకలాల్లో శాస్త్రవేత్తలు ఎక్కువగా చదివింది లైపోపాలీశాకరైడ్‌ను. కొన్ని రకాల బాక్టీరియా పైపొరలో ఇది ఉంటుంది. 2007లో ఫ్రాన్స్, బెల్జియం శాస్త్రవేత్తలు, ముఖ్యంగా పట్రిస్ కాని, కొవ్వు ఎక్కువున్న మేత తిన్న ఎలుకల నెత్తుట్లో ఇది పెరిగి, ఎక్కడా సూక్ష్మక్రిమి దాడి లేకుండానే ఒంట్లో చిన్నపాటి వాపు రగులుతూ ఉంటుందని చూపారు. కిడ్నీ దగ్గర దీని అర్థం తేలికగా ఊహించవచ్చు. పోడోసైట్ల మీద, కిడ్నీ గొట్టాల కణాల మీద ఈ పదార్థాన్ని గుర్తించే గ్రాహకాలున్నాయి. గుర్తించగానే అవి శత్రువు వచ్చిందన్న సంకేతం పంపుతాయి, వాపు మొదలవుతుంది.

ఇది మనుషుల్లో కనిపిస్తుందా? ఫిన్లాండులో టైప్-1 మధుమేహం ఉన్నవారిని దేశవ్యాప్తంగా అనుసరిస్తున్న ఫిన్‌డయాన్ అధ్యయనం 1997లో మొదలైంది. దానికి పెర్-హెన్రిక్ గ్రూప్ నాయకత్వం వహించారు. అందులోని రక్తనమూనాలతో 2009లో వచ్చిన ఫలితం ప్రకారం, నెత్తుట్లో లైపోపాలీశాకరైడ్ చురుకుదనం ఎక్కువున్నవారిలో కిడ్నీ జబ్బు ముదిరే ధోరణి ఎక్కువ. ఇలాంటి అధ్యయనం సంబంధాన్ని చూపుతుంది, కారణాన్ని నిరూపించదు. కానీ ఎలుకల్లో దొరికిన తీగకు, మనుషుల్లో ఏళ్ల తరబడి నిలవచేసిన రక్తంలో కూడా ఒక కొస దొరికింది.

తిరుగు దారి

కిడ్నీ జబ్బు మొదలయ్యాక దారి రెండోవైపు కూడా తెరుచుకుంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖలో నొస్రతొల్లా వజీరి బృందం 2012, 2013ల్లో చేసిన ప్రయోగాలు దాన్ని విడమర్చి చూపాయి. కిడ్నీ పనితీరు పడిపోయిన ఎలుకల పెద్దపేగులో క్లాడిన్-1, ఆక్లూడిన్, జెడ్‌ఓ-1 తగ్గిపోయి కనిపించాయి. అప్పుడు వాళ్లు మనిషి పెద్దపేగు కణాలను జాలీ పైన ఒకే వరసగా పెంచి, వరసకు రెండువైపులా ఎలక్ట్రోడ్లు పెట్టి విద్యుత్ నిరోధం కొలిచారు. అతుకులు బిగువుగా ఉంటే కరెంటు దాటడం కష్టం, వదులైతే సులువు. సందు తెరుచుకుందా లేదా అన్నది కంటితో కాక ఒక అంకెలో తెలుస్తుంది. ఆ కణాలను కిడ్నీ వైఫల్యం ఉన్నవారి ప్లాస్మాలో ఉంచితే నిరోధం గట్టిగా పడిపోయింది. డయాలసిస్ తర్వాత తీసిన ప్లాస్మాలో ఉంచితే నష్టం తగ్గింది. అంటే దోషి డయాలసిస్‌లో బయటికి పోయే పదార్థాల్లో ఉంది. యూరియా ఒక్కదాన్నే కలిపి చూస్తే అదీ అతుకులను దెబ్బతీసింది. యూరియాను అమ్మోనియాగా మార్చే యూరియేజ్ ఎంజైమును కలిపితే నష్టం మరింత పెరిగింది. పేగు బాక్టీరియాలో ఆ ఎంజైము ఉన్నవి చాలా ఉన్నాయి. కిడ్నీ బయటికి పంపలేని యూరియా పేగులోకి చేరి, అక్కడ అమ్మోనియాగా మారి, గోడను తినేస్తుంది.

అటు నుంచి పేగు నెత్తుట్లోకి ఏం పంపుతుందో స్టాన్‌ఫోర్డ్‌లోని టిమొతీ మెయర్ బృందం 2011లో చూపింది. డయాలసిస్ చేయించుకునేవారిలో కొందరికి వేరే జబ్బుల వల్ల పెద్దపేగును అంతకుముందే తీసేసి ఉంటారు. పెద్దపేగు ఉన్నవారి ప్లాస్మాను, లేనివారి ప్లాస్మాను పక్కపక్కన పెట్టి పదార్థం పదార్థం పోల్చారు. ఇండాక్సిల్ సల్ఫేట్, పి-క్రెసిల్ సల్ఫేట్ అనే రెండు ప్రసిద్ధ విషాలు పెద్దపేగు లేనివారిలో దాదాపు లేవు. ఇంకా ముప్పైకి పైగా పదార్థాలు పెద్దపేగు నుంచే వస్తున్నట్టు తేలింది, వాటిలో చాలావాటికి పేరే లేదు. మనం తిన్న ప్రోటీన్‌లో చిన్నపేగులో అరగక పెద్దపేగుకు చేరిన భాగాన్ని బాక్టీరియా విడగొడితే ఇవి పుడతాయి. ఆరోగ్యమైన కిడ్నీ వాటిని బయటికి పంపేస్తుంది. అల్బుమిన్‌కు అంటుకుని ఉంటాయి కాబట్టి డయాలసిస్ వాటిని సరిగ్గా తీయలేదు. వాళ్లు కొత్తగా ఏ మనిషినీ కోయలేదు, ఎవరికీ ఏ మందూ ఇవ్వలేదు. జరిగిపోయిన శస్త్రచికిత్సలను ప్రయోగంగా చదివారు.

ఇందులోనే ఒక చిత్రమైన వైరుధ్యం ఉంది. ఇండాక్సిల్ సల్ఫేట్‌కు మాతృక ఇండోల్. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి బాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. 2010లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం పరిశోధకులు అదే ఇండోల్ పేగు కణాల అతుకులను బిగిస్తుందని చూపారు. పేగులో ఉన్నంతసేపు గోడకు మేలు, కాలేయం చేతిలో మారి నెత్తుట్లో పేరుకుంటే కిడ్నీకి కీడు. అందుకే పేగులోని ఏదో ఒక బాక్టీరియాను చంపేస్తే సరిపోతుందన్న ఆలోచన ఇక్కడ నిలవదు.

పళ్లెం దగ్గర

ఆస్ట్రేలియాలో ఈ దారులన్నీ ఒకే బల్ల మీదికి వచ్చాయి. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో మధుమేహం తెప్పించిన ఎలుకలకు పీచు ఎక్కువున్న మేత పెడితే మూత్రంలో అల్బుమిన్ తగ్గింది, కిడ్నీలో మచ్చ కట్టడం తగ్గింది. పీచు నుంచి పుట్టిన బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలను గుర్తించే రెండు గ్రాహకాల్లో ఏదో ఒకటి లేని ఎలుకల్లో ఆ రక్షణ దొరకలేదు. పీచు మేలు చేస్తుందని చెప్పడంతో ఆగకుండా, ఏ తలుపు గుండా చేస్తుందో చూపించడం ఆ పని విలువ. 2021లో మాథ్యూ స్నెల్సన్, మెలిండా కాగ్లన్ బృందం మరో కోణం తెరిచింది. అదే మేతను బాగా వేడిచేసి కాల్చి పెడితే ఎలుకల పేగు గోడ వదులైంది, వాపును నడిపే కాంప్లిమెంట్ వ్యవస్థ రేగింది, కిడ్నీ దెబ్బతింది. అరగకుండా పెద్దపేగు చేరే పిండిపదార్థం కలిపితే ఆ నష్టం తగ్గింది.

మనుషుల్లో ఇప్పటిదాకా దొరికిన ఫలితాలు చిన్నవి, నిజాయితీగా కొలిచినవి. మెయర్ బృందమే 2014లో డయాలసిస్ రోగులకు అరగని పిండిపదార్థం కొన్ని వారాలు ఇచ్చి, పెద్దపేగు విషాల స్థాయి తగ్గిందని చూపింది. 2016లో ఆస్ట్రేలియాలో మేలుచేసే బాక్టీరియాను, వాటి మేతను కలిపి ఇచ్చిన సినర్జీ పరీక్షలో పి-క్రెసిల్ సల్ఫేట్ తగ్గింది, ఇండాక్సిల్ సల్ఫేట్ చెప్పుకోదగినంత తగ్గలేదు. పేగులోనే విషాలను పీల్చుకునే బొగ్గు గుళికల మందు జపాన్‌లో 1991 నుంచి వాడుకలో ఉంది. రెండు వేల మందికి పైగా రోగులతో అనేక దేశాల్లో చేసిన ఎపిక్ పరీక్షల ఫలితాలు 2015లో వచ్చినప్పుడు, కిడ్నీ వైఫల్యాన్ని అది ఆలస్యం చేయలేదని తేలింది. ఆశపడిన దాన్ని పెద్ద పరీక్షకు పెట్టి, వ్యతిరేక ఫలితాన్ని దాచకుండా ప్రచురించడం కూడా పనితనమే.

అందుకే ఈ రంగం పేరు చెప్పి మార్కెట్లో జరుగుతున్నదాని గురించి ఒక మాట. ‘లీకీ గట్’ తగ్గిస్తామంటూ పొడులు, గుళికలు అమ్ముతున్నారు. గోడ ఎంత వదులైందో ఇంటి దగ్గరి ల్యాబులో ఒక్క రక్తపరీక్షతో ఖచ్చితంగా చెప్పే పద్ధతి వైద్యంలో ఇంకా స్థిరపడలేదు. లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు చక్కెరలు తాగించి మూత్రంలో ఎంతెంత వచ్చిందో కొలిచే పరీక్ష ఉంది, కానీ అది మూత్రం మీద ఆధారపడుతుంది కాబట్టి కిడ్నీ జబ్బున్నవారిలో ఫలితాన్ని ఆచితూచి చదవాలి. పరిశోధకులకే చిక్కులెదురయ్యాయి. మధుమేహం వల్ల అనుకున్న పేగు బాక్టీరియా మార్పుల్లో కొన్ని నిజానికి మెట్‌ఫార్మిన్ మాత్ర వల్ల వచ్చినవని 2015లో తేలింది.

కిడ్నీని కాపాడతాయని పెద్ద పరీక్షల్లో నిలబడినవి వేరే ఉన్నాయి. 2001లో లోసార్టాన్, 2019, 2020ల్లో కానాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్, 2020లో ఫినెరినోన్, 2024లో సెమాగ్లుటైడ్. డాక్టరు రాసిన ఇలాంటి మందులను పక్కనపెట్టి పేగును బాగుచేసుకుంటామని బయల్దేరడం ప్రమాదం. పేగు గోడ సంరక్షణ వాటికి తోడుగా నడవాలి.

ఆ తోడు ఎలా ఉండాలో పైన చెప్పిన పనితనమే చెబుతుంది. షుగరు అదుపులో ఉంటే గోడ తిరిగి బిగుస్తుందని ఎలుకల ప్రయోగం చూపింది. పీచు గోడకు తిండి. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే మూడు పూటలా తినే అలవాటున్న మన ఇళ్లలో జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నం, పొట్టుతో ఉన్న పప్పులు, కూరగాయలు కొంత చోటు తీసుకుంటే పెద్దపేగు కణాలకు మేత అందుతుంది. అవీ పిండిపదార్థాలే కాబట్టి కొలత తప్పకూడదు. కిడ్నీ అప్పటికే బాగా దెబ్బతిన్నవారికి మరో నియమం. పప్పుల్లో, ఆకుకూరల్లో పొటాషియం, భాస్వరం ఉంటాయి కాబట్టి ఏది ఎంత తినాలో కిడ్నీ డాక్టరు, ఆహార నిపుణులు రక్తపరీక్ష చూసి చెప్పాలి. మలబద్ధకాన్ని చిన్న విషయంగా వదిలేయకూడదు. పెద్దపేగులో తిండి ఎంతసేపు ఆగితే బాక్టీరియా ప్రోటీన్‌ను విడగొట్టే సమయం అంత పెరుగుతుంది.

మధుమేహం ఉన్న ప్రతివారూ ఏడాదికోసారైనా మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి, నెత్తుట్లో క్రియాటినిన్ చూపించుకోవాలి. గ్రాము క్రియాటినిన్‌కు అల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే, మళ్లీ పరీక్షలోనూ అదే వస్తే, ఒంట్లో నొప్పీ వాపూ ఏమీ లేకపోయినా పోడోసైట్ల పాదాల మధ్యనున్న ఆ సన్నపొర అల్బుమిన్‌ను ఆపలేకపోతోందని అర్థం. మూత్రంలో నురగ కనిపించే దాకా, కాళ్లు పొంగే దాకా ఆగితే, మళ్లీ పుట్టని కణాలు అప్పటికి చాలా పోయి ఉంటాయి. ఫార్కర్ జీవితకాలం చదివిన ఆ రెండు అడ్డుల్లో పేగుది మన తిండితో, షుగరు అదుపుతో వారాల్లో మారగలది. కిడ్నీది ఒకసారి పోతే తిరిగి రానిది. బాగుచేయగలిగిన దాన్ని బాగుచేస్తూ, బాగుచేయలేని దాని మీద పడే భారాన్ని తొలినాళ్లలోనే తగ్గించడమే మధుమేహంలో కిడ్నీ రక్షణ సారాంశం.